తొలి ఊపిరికి ముందు

ఈ శీర్షిక చదివేవాళ్ళలో ఎక్కువమంది నాలాగే కీబోర్డు కొట్టి పొట్టపోసుకునేవాళ్ళు. కాబట్టి ఒక ప్రాజెక్టు గురించి చెబుతాను, ఒప్పుకుంటారో లేదో చూడండి. గడువు తొమ్మిది నెలలు. ఈ తొమ్మిది నెలల్లో ఆ వ్యవస్థని, అది నిజంగా పని చెయ్యవలసిన పరిస్థితుల్లో, ఒక్కసారి కూడా నడిపి చూసుకునే అవకాశం ఉండదు. గడువు తీరిన రోజున కొద్ది నిమిషాల్లో పాత వ్యవస్థని ఆపేసి కొత్తదానికి మారిపోవాలి. మళ్ళీ పాతదానికి వెళ్ళే దారి లేదు. ఆ తరువాత డెబ్బై, ఎనభై ఏళ్ళపాటు అది అయిదు నిమిషాలు కూడా ఆగకూడదు.

ఏ మేనేజరూ ఇలాంటి ప్రాజెక్టుకి సంతకం పెట్టడు. కానీ మనందరం ఈ ప్రాజెక్టు సవ్యంగా పూర్తి కాబట్టే ఇక్కడ ఉన్నాం. ఆ వ్యవస్థ పేరు ఊపిరితిత్తులు. తల్లి కడుపులో గాలి లేదు. బిడ్డకి కావలసిన ప్రాణవాయువంతా మావి ద్వారా, బొడ్డుతాడు ద్వారా వస్తుంది. అయినా ఊపిరితిత్తులు నీళ్ళలోనే తయారై, నీళ్ళలోనే ఎదిగి, పుట్టిన మరుక్షణం గాలిలో పనిలోకి దిగాలి.

నేను వైద్యుణ్ణి కాను. మా మిత్రుల ఇళ్ళల్లో ఒకరిద్దరు పిల్లలు నెలలు నిండకుండా పుట్టినప్పుడు, ఆస్పత్రి నుంచి వచ్చే కబుర్లలో కొన్ని మాటలు పదేపదే వినబడేవి. "స్టెరాయిడ్ ఇంజక్షను ఇచ్చారట", "సర్ఫాక్టెంట్ వేశారట", "34 వారాలు దాటితే భయం లేదట". ఈ మాటల వెనక ఉన్న సంగతి ఏమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. అందులో నాకు అర్థమైనది మన భాషలో, మనవాళ్ళకి తెలిసిన పోలికలతో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వారాల లెక్క

వారాలు లెక్కపెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. పిండశాస్త్రం పుస్తకాలు గర్భధారణ జరిగిన రోజుని సున్నా అనుకుంటాయి. డాక్టర్లేమో తల్లి ఆఖరిసారి బహిష్టయిన రోజు నుంచి లెక్కపెడతారు. ఈ రెండింటికీ సుమారు రెండు వారాల తేడా. ఒకే సంఘటనకి రెండు టైమ్ జోన్లలో రెండు వేళలు ఉన్నట్టన్నమాట. ఈ వ్యాసంలో మొదటి 17 వారాల కథ పుస్తకం లెక్కలో చెబుతాను. అక్కడినుంచి పుట్టుక దాకా డాక్టరు లెక్కలో చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మనం వినేది ఆ లెక్కే. నిండు నెలలంటే డాక్టరు లెక్కలో 40 వారాలు.

ఒక గొట్టం రెండు కావడం

నాలుగో వారం. పిండం నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, అంతే. దాని లోపల పై నుంచి కిందికి ఒక గొట్టం ఉంటుంది. ముందుముందు అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు అన్నీ కాబోయే గొట్టం అదే. దాని ముందువైపు గోడలో ఒక చోట కొన్ని కణాలు ఎన్‌కేఎక్స్2-1 అనే జన్యువుని ఆన్ చేస్తాయి. అప్పటిదాకా పక్కనున్న కణాలకీ వీటికీ తేడా లేదు. ఆ జన్యువు పని మొదలుపెట్టాక మాత్రం "మేము ఊపిరి వంశం వాళ్ళం" అని విడిపోతాయి. ఆ చోట గోడ చిన్న బుడిపెలాగ ముందుకి పొడుచుకొస్తుంది. ఊపిరితిత్తుల మొదటి ఆనవాలు అదే. అంటే అన్నం వెళ్ళే దారిలోంచే గాలి వెళ్ళే దారి పుట్టిందన్నమాట. పొరమారినప్పుడల్లా అమ్మ నెత్తిమీద తట్టడం గుర్తుందా? ఆ పాత చుట్టరికం ఫలితమే అది. ఇప్పటికీ రెండు దారులూ గొంతు దగ్గర కలుస్తాయి.

తరువాతి పని ఈ రెండింటినీ వేరు చెయ్యడం. పక్కల నుంచి గోడలు దగ్గరకొచ్చి మధ్యలో ఒక అడ్డుగోడ ఏర్పడుతుంది. ముందున్నది వాయునాళం, వెనకున్నది అన్నవాహిక. సుమారు మూడు, నాలుగు వేల జననాల్లో ఒకసారి ఈ విభజన సరిగా జరగదు. చాలావరకు జరిగేది ఏమిటంటే, అన్నవాహిక పై ముక్క మధ్యలోనే మూసుకుపోతుంది, కింది ముక్క వాయునాళానికి అతుక్కుపోతుంది. బిడ్డ పాలు మింగలేదు. నోట్లో నురగ, దగ్గు, ఒళ్ళు నీలంగా మారడం. ఒకప్పుడు ఇది మరణశాసనమే. 1941లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కామెరాన్ హైట్ అనే సర్జన్ మొదటిసారిగా ఒకే ఆపరేషన్లో రెండు ముక్కలనీ కలిపి కుట్టి ఒక పాపని బతికించాడు. ఈ రోజుల్లో మంచి ఆస్పత్రుల్లో ఇలాంటి పిల్లలు చాలామంది బతుకుతున్నారు.

84 లక్షల కొసలు

అయిదో వారానికి ఆ బుడిపె కింది కొస రెండుగా చీలుతుంది. కుడివైపుది మూడు కొమ్మలు వేస్తుంది, ఎడమవైపుది రెండే, ఎందుకంటే ఎడమవైపు గుండెకి చోటు ఇవ్వాలి. పెద్దయ్యాక కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు ఉండడానికి పునాది ఇక్కడే పడింది. అక్కడినుంచి ప్రతి కొమ్మా రెండు, ఆ రెండూ నాలుగు, నాలుగు ఎనిమిది. మొత్తం మీద 23 తరాల కొమ్మలు. ప్రతి తరంలోనూ కచ్చితంగా రెట్టింపు అయితే ఆఖరి తరంలో ఎన్ని కొసలుంటాయి? రెండుని 23 సార్లు హెచ్చవేస్తే 83,88,608. ఇంచుమించు 84 లక్షలు. 84 లక్షల జీవరాశులని మన పెద్దవాళ్ళు చెప్పే లెక్కకి ఇది దగ్గరగా ఉండడం కేవలం కాకతాళీయం. కానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన ప్రశ్న. 84 లక్షల కొసలకీ నక్షా ఎక్కడ రాసి ఉంది? మన జన్యువులు మొత్తం కలిపి సుమారు ఇరవై వేలు. ప్రతి కొమ్మకీ ఒక లైను రాయడానికి చోటు చాలదు. చెయ్యగలిగినది ఒక్కటే: చిన్న సూత్రం ఒకటి రాసి, దాన్నే మళ్ళీ మళ్ళీ పిలవడం. మనం రికర్షన్ అనేది అదే.

ఆ సూత్రం కొంతవరకు తెలిసింది. కొమ్మ కొసకి ఎదురుగా, చుట్టూ ఉన్న మెత్తటి కణజాలం ఎఫ్‌జీఎఫ్-10 అనే ప్రోటీన్‌ని విడుదల చేస్తుంది. కొస కణాలకి దాన్ని పసిగట్టే గ్రాహకం ఉంది. చీమ పంచదార వైపు పాకినట్టు కొస ఆ దిశగా పెరుగుతుంది. దగ్గరకొచ్చాక కొస తన వంతుగా ఇంకొక సంకేతం పంపిస్తుంది. దాంతో సరిగ్గా ఎదురుగా ఉన్న చోట ఎఫ్‌జీఎఫ్-10 ఆగిపోయి, అటూ ఇటూ మాత్రం మిగులుతుంది. పంచదార రెండు చోట్ల ఉంటే చీమల బారు రెండుగా చీలదూ? కొస కూడా అలాగే రెండుగా చీలుతుంది. ఆ రెండు కొసలూ మళ్ళీ ఇదే నాటకం ఆడతాయి. ఎఫ్‌జీఎఫ్-10 జన్యువు తీసేసిన ఎలకపిల్లలకి వాయునాళం ఏర్పడింది కానీ, దాని కింద ఊపిరితిత్తులే లేవు. ఈగల్లో గాలి గొట్టాలు కొమ్మలు వెయ్యడానికి కూడా ఇదే కుటుంబానికి చెందిన ప్రోటీన్ కావాలి. అంటే ఈ లైబ్రరీ చాలా పాతది. ఈగా మనమూ దాన్నే వాడుకుంటున్నాం.

ఆదేశాలిచ్చేది గొట్టం కాదు, చుట్టూ ఉన్న కణజాలమే అని ముందే సూచించిన ప్రయోగం ఒకటుంది. 1962లో అలెస్యో, కస్సీనీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలక పిండంలో కొమ్మల చుట్టూ ఉన్న కణజాలాన్ని తీసి, మామూలుగా కొమ్మలు వెయ్యని వాయునాళం పక్కన అతికించారు. వాయునాళం కూడా అక్కడ కొమ్మ వేసింది. 2008లో మెట్జ్‌గర్, క్రాస్నో బృందం ఎలక ఊపిరితిత్తుల్లో వేలాది కొమ్మలని ఒక్కొక్కటే గుర్తించి, అంత పెద్ద చెట్టుకీ కేవలం మూడు రకాల చీలికలే ఆధారమని చూపించింది. మూడు సబ్‌రొటీన్లు, వాటిని ఏ వరసలో పిలవాలో చెప్పే ఒక చిన్న ప్రోగ్రాము.

17వ వారానికి మనిషి పిండంలో గాలి గొట్టాల పని ఇంచుమించు పూర్తవుతుంది. కొమ్మలన్నీ ఉన్నాయి. కానీ ఆకులు లేవు. గాలి నుంచి రక్తంలోకి ప్రాణవాయువు వెళ్ళే చోటు ఇంకా ఒక్కటి కూడా తయారు కాలేదు. ఆ దశలో పుట్టిన బిడ్డని ఏ యంత్రమూ బతికించలేకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. గాలి పంపించవచ్చు, కానీ అది వెళ్ళి చేరవలసిన గది లేదు.

ఆకులు తొడగడం

ఇక్కడినుంచి డాక్టరు లెక్క. 16 నుంచి 26 వారాల మధ్య గొట్టాల కొసలు వెడల్పవుతాయి. వాటి చుట్టూ కేశనాళికలు అల్లుకుంటాయి. గోడలు పలచబడతాయి. గోడలోని కణాలు రెండు రకాలుగా విడిపోతాయి. మొదటి రకం దోసెలాగ పలచగా పరుచుకుంటుంది. వాయువులు దాటేది వీటిగుండానే. రెండో రకం గుండ్రంగా, బొద్దుగా ఉండి ఒక ప్రత్యేకమైన పదార్థం తయారు చేస్తుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

22, 24 వారాల బిడ్డ బతకడం, బతకకపోవడం మధ్య గీత ఇక్కడే ఉంది. గాలికీ రక్తానికీ మధ్య దూరం తగినంత తగ్గితే, ఆధునిక పరికరాలున్న చోట ఆశ ఉంటుంది. ఆ గీత డాక్టర్లు ఇష్టం వచ్చినట్టు గీసింది కాదు. నిర్మాణం ఎంతవరకు వచ్చిందో దాన్నిబట్టి పడింది.

ఆ తరువాత కొసలన్నీ సంచుల్లాగ ఉబ్బుతాయి. సుమారు 36వ వారం నుంచి ఆ సంచుల గోడలు లోపలికి మడతలు పడి అసలైన గాలిగదులు ఏర్పడడం మొదలవుతుంది. గమనించవలసినది ఏమిటంటే, పుట్టేసరికి ఈ పని పూర్తి కాదు. గాలిగదుల్లో అధికభాగం పుట్టిన తరువాతే తయారవుతాయి. మొదటి రెండు మూడేళ్ళల్లో వేగంగా, తరువాత నెమ్మదిగా. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 కోట్ల గదులుంటాయని అంచనా. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదోవంతు. అన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే మనం ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దెకి తీసుకున్న ఒక పడకగది అపార్టుమెంటు అంత. పసిపిల్లలున్న ఇంట్లో సిగరెట్టు వద్దని డాక్టర్లు ఎందుకంత గట్టిగా చెబుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఇల్లు ఇంకా కడుతుండగానే పొగ పెట్టినట్టు.

నీళ్ళతో సాధన

కడుపులో ఊపిరితిత్తులు ఖాళీగా ఉండవు. అవి స్వయంగా ఒక ద్రవాన్ని ఊరిస్తాయి. అది లోపలి నుంచి ఒత్తి, గదులు పెరగడానికి తోడ్పడుతుంది. పైగా మూడో నెల నుంచే బిడ్డ ఛాతీ, దాని కింద ఉండే ఉదరవితానం అనే కండరం ఊపిరి పీల్చినట్టు కదులుతుంటాయి. స్కానింగులో దీన్ని చూడవచ్చు. గాలి లేకపోయినా ఈ కసరత్తు ఎందుకంటే, ఆ సాగదీత లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు కాబట్టి. ఉమ్మనీరు మరీ తక్కువైనా, ఉదరవితానంలో కంత ఉండి పేగులు ఛాతీలోకి దూరి చోటు ఆక్రమించినా, ఊపిరితిత్తులు చిన్నవిగా మిగిలిపోతాయి. స్కానింగు చేసిన ప్రతిసారీ ఉమ్మనీరు ఎంతుందో కొలవడంలో ఉన్న కారణాలలో ఇదొకటి.

సబ్బునీటి రహస్యం

ఇప్పుడు ఆ బొద్దు కణాల సంగతి. నీటి బొట్టు గుండ్రంగా ఉండడానికి కారణం తలతన్యత. నీటి ఉపరితలం ఎప్పుడూ ముడుచుకుపోవాలని చూస్తుంది. గాలిగది లోపలి గోడ మీద ఎప్పుడూ పలచటి నీటిపొర ఉంటుంది. అది గదిని ముడుచుకుపొమ్మని లాగుతుంటుంది. గది ఎంత చిన్నదైతే లాగుడు అంత ఎక్కువ. ఒక చిన్న సబ్బు బుడగనీ ఒక పెద్ద బుడగనీ గొట్టంతో కలిపితే, చిన్నదానిలో గాలి పెద్దదానిలోకి పోయి చిన్నది మాయమవుతుంది. కోట్ల గదులున్న చోట ఇదే జరిగితే ఊపిరితిత్తి నిలబడదు.

బొద్దు కణాలు తయారు చేసే పదార్థం ఈ తలతన్యతని తగ్గిస్తుంది. దాని పేరే సర్ఫాక్టెంట్. ఇందులో నూటికి తొంభై పాళ్ళు కొవ్వు జాతి పదార్థాలు, మిగిలినవి ప్రోటీన్లు. గది ముడుచుకునేకొద్దీ ఈ అణువులు దగ్గరదగ్గరగా ఒదిగి తలతన్యతని ఇంకా తగ్గిస్తాయి. అంటే అవసరం ఎక్కువైన చోట పని కూడా ఎక్కువ చేస్తుంది. దీని తయారీ 24 వారాల ప్రాంతంలో మొదలైనా, తగినంత నిలవ ఏర్పడేది 34, 35 వారాలకే. "34 దాటితే భయం లేదట" అన్న మాటకి మూలం ఇదే.

ఇంత ముఖ్యమైన సంగతి వైద్యులకి చాలాకాలం తెలియదు. నెలలు నిండని పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే మూలుగుతూ, ఎగశ్వాస తీస్తూ చనిపోయేవారు. 1959లో బోస్టన్‌లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అలా చనిపోయిన పిల్లల ఊపిరితిత్తులని పరీక్షించి, వాటిలో ఈ పదార్థం కొరవడిందని చూపించారు. కారణం తెలిసింది కానీ చికిత్స లేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ అయిదున్నర వారాలు ముందుగా పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. ఆ దేశంలో దొరికే వైద్యమంతా అందింది. అయినా 39 గంటలు మాత్రమే బతికాడు. ఈ రోజు అంతే వయసుతో, అంతే బరువుతో పుట్టిన బిడ్డ గురించి మంచి ఆస్పత్రిలో డాక్టర్లు పెద్దగా కంగారు పడరు.

రెండు ఇంజక్షన్లు

ఈ మార్పు తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు న్యూజీలాండ్‌కి చెందిన గ్రాహమ్ లిగిన్స్. ఆయన వెతుకుతున్నది ఊపిరితిత్తుల గురించి కాదు, నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రెల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. స్టెరాయిడ్ ఇచ్చాక మరీ ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల, లెక్కప్రకారం బతకకూడనిది, ఊపిరి పీలుస్తూ కనబడింది. లిగిన్స్, రాస్ హౌవీ కలిసి ఆక్లండ్‌లో 282 మంది గర్భిణీ స్త్రీలతో పరీక్ష చేసి, 1972లో ఫలితాలు ప్రకటించారు. మందు ఇవ్వని వర్గంలో నూటికి 26 మంది పిల్లలకి శ్వాస జబ్బు వచ్చింది. మందు ఇచ్చిన వర్గంలో 9 మందికే. తల్లికి ఇచ్చే బీటామెథసోన్ మావిని దాటి వెళ్ళి, బిడ్డ ఊపిరితిత్తుల్లో కణాలని తొందరపెడుతుంది. గోడలు పలచబడతాయి, సర్ఫాక్టెంట్ పెరుగుతుంది. నొప్పులు ముందుగా వచ్చినప్పుడు 24 గంటల తేడాతో ఇచ్చే రెండు ఇంజక్షన్లు ఇవే.

తరువాత కథ మనలాంటివాళ్ళకి ఒక పాఠం. ఈ ఫలితాన్ని సమర్థిస్తూ మరికొన్ని పరీక్షలు జరిగినా, ఇరవై ఏళ్ళపాటు చాలామంది డాక్టర్లు దీన్ని వాడలేదు. 1990ల మొదట్లో అమెరికాలో అర్హులైన తల్లుల్లో అయిదోవంతుకి కూడా ఈ మందు అందలేదు. పాత పరీక్షలన్నింటినీ ఒక్కచోట చేర్చి లెక్కకట్టాకే, 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ దీన్ని విస్తృతంగా వాడమని చెప్పింది. వైద్య ఆధారాలని క్రోడీకరించే కాక్రేన్ సంస్థ చిహ్నంలో కనబడే అడ్డగీతలు అలంకారం కాదు. అవి ఈ స్టెరాయిడ్ పరీక్షల ఫలితాలే. డేటా ఉండి కూడా చూడకపోతే ఎంత నష్టమో గుర్తుచెయ్యడానికి పెట్టుకున్న గుర్తు అది.

రెండో ఆయుధం సర్ఫాక్టెంట్‌నే నేరుగా ఊపిరితిత్తుల్లో వెయ్యడం. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవుల ఊపిరితిత్తుల నుంచి తయారు చేసిన సర్ఫాక్టెంట్‌ని పదిమంది పిల్లలకి వేసి, వాళ్ళ పరిస్థితి మెరుగుపడిందని చూపించింది. 1990లో అమెరికాలో మొదటి సర్ఫాక్టెంట్ మందుకి అనుమతి వచ్చింది.

మొదటి ఊపిరి

నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రభావంతో, అప్పటిదాకా ద్రవాన్ని ఊరించిన గోడలే దాన్ని పీల్చుకోవడం మొదలుపెడతాయి. పంపు తిరగబడిందన్నమాట. బిడ్డ పుట్టి, మొదటి ఊపిరి తీసుకోగానే మిగిలిన ద్రవం పక్కకి జరుగుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకుంటాయి. కడుపులో ఉన్నప్పుడు గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళేది కొద్దిపాటి రక్తమే. ఇప్పుడు మొత్తం అటే వెళ్ళాలి. గుండెలో ఉన్న అడ్డదారులు మూసుకోవడం మొదలవుతుంది. మనం విన్న ఆ ఏడుపు వెనక ఇంత పని జరుగుతుంది.

ముహూర్తాలూ, 39 వారాలూ

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్న మాట. మనవాళ్ళలో సిజేరియన్లు ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే. ఎలాగూ ఆపరేషనే కదా అని మంచి నక్షత్రం, మంచి లగ్నం చూసి రోజు నిర్ణయించడం మనకి తెలిసినదే. పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి దీనికి తోడు అత్తగారి విమానం టిక్కెట్టు, అమ్మగారి వీసా గడువు. "ఒక పది రోజులు ముందుకి జరిపితే ఏం పోయింది? 37 దాటితే నెలలు నిండినట్టే కదా" అని ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి.

ఏం పోతుందో కొలిచి చూశారు. 2009లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం, వైద్య కారణం లేకుండా, నొప్పులు రాకముందే చేసిన పదమూడు వేలకి పైగా రెండోసారి సిజేరియన్లని పరిశీలించింది. 39వ వారంలో పుట్టిన పిల్లల్లో శ్వాస ఇబ్బందులు, ఇతర సమస్యలు కలిపి 8 శాతం. 38వ వారంలో 11 శాతం. 37వ వారంలో 15 శాతం పైగా. కారణం మీకిప్పుడు తెలుసు. సర్ఫాక్టెంట్ ఉన్నా, గదుల పని ఇంకా సాగుతోంది. పైగా నొప్పులు రాకముందే బయటికి తీస్తే పంపు తిరగబడే సంకేతం అందలేదు. అందుకే అమెరికా డాక్టర్లు వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండనివ్వమంటారు. అది మొండితనం కాదు, మన ఆచారం మీద చిన్నచూపూ కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తల్లికి రక్తపోటు విపరీతంగా పెరిగినా, బిడ్డ ఎదుగుదల ఆగిపోయినా, కడుపులో ఉండడమే ఎక్కువ ప్రమాదం. అప్పుడు డాక్టరు 35 వారాలకే తియ్యాలంటే వాదించకూడదు. అప్పటికి ఏ ఏర్పాట్లు చెయ్యాలో, స్టెరాయిడ్ ఇవ్వాలో వద్దో, పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రేనా కాదా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

ముహూర్తం చూడవద్దని నేను అనను. ఎవరి నమ్మకం వాళ్ళది. 39 వారాలు నిండాక వచ్చే రోజుల్లోంచి చూడమని పంతులుగారికి చెప్పండి, అంతే. ఆయన పంచాంగంలో ఆ వారంలో కూడా మంచి ఘడియ ఒకటి దొరక్కపోదు. అమ్మగారి టిక్కెట్టు మార్చుకోవడానికి నూటయాభై, రెండొందల డాలర్లు అయితే అవుతాయి. కడుపులో ఆ ఆఖరి పది రోజుల్లో జరిగే పనిని మాత్రం తరువాత ప్యాచ్ వేసి సరిదిద్దడం అంత తేలిక కాదు.